పాలు పిండని ఆవు: బ్లాక్ ఫారెస్ట్ కొండల హింటర్‌వెల్డర్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. జర్మనీ నైరుతి మూలన బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో హింటర్‌వెల్డర్ అనే ఆవు జాతి ఉంది. మధ్య ఐరోపాలో ఇంతకన్నా చిన్న ఆవు జాతి లేదు. డాక్టరు గారూ, దీన్ని కాపాడాలని ఎందుకంత పట్టుదల?

పశువైద్యురాలు: ఆ వాలులు చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగరండి. ఫెల్డ్‌బెర్గ్ శిఖరం చుట్టూ, వీజె నది లోయలో బీళ్లు గోడల్లా నిలబడి ఉంటాయి. బరువైన ఆవు తిరిగితే గడ్డి పెళ్లగిలి, వానకు మట్టి కొట్టుకుపోతుంది. హింటర్‌వెల్డర్ ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు, బరువు 400 కిలోలకు అటూ ఇటూ. గట్టి గిట్టలు, తెల్లని మొహం, ఒంటిమీద ఎర్రని మచ్చలు. ముసలితనం దాకా ఈనుతూనే ఉంటుంది.

పర్యావరణ పరిశోధకుడు: అక్కడ బీచ్ అనే అడవి చెట్లను కూడా ఆవులే మలిచాయి. చిగురు వేసినప్పుడల్లా కొరికేస్తే మొక్క ఏళ్ల తరబడి పొదలాగే ఉండిపోతుంది. చుట్టూ విస్తరించాక, నడిమి కొమ్మలు పశువు నోటికి అందక పైకి లేస్తాయి. అలా ఎదిగిన మానులు ఎంత అందంగా ఉంటాయో! ఆ ప్రాంతాన్ని 2017లో యునెస్కో జీవావరణ మండలంగా గుర్తించింది. మేత ఆగిందంటే ఆ బీళ్లను అడవి కమ్మేస్తుంది.

వ్యాఖ్యాత: మరి మందలు ఎందుకు తగ్గాయి?

పరిశోధకుడు: ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ జాతి ఆవు పాలలో సగం కూడా ఇవ్వదు కాబట్టి. ఒకప్పుడు పాడికీ, మాంసానికీ, బండి లాగడానికీ ఇదే ఆవు. ట్రాక్టరు వచ్చి బండి పని పోయింది. ఇప్పుడు చాలామంది పాలు పిండడమే మానేసి, దూడలకు వదిలేసి, మాంసానికి పెంచుతున్నారు.

పశువైద్యురాలు: నా భయమంతా అదే. పిండని ఆవు పాలను ఎవరు కొలుస్తారు? కొలవకపోతే మంచి పాడి తల్లికి పుట్టిన కోడెను ఆబోతుగా ఎలా ఎంచుతారు? కొన్ని తరాలకు పాడి గుణం పోతుంది. లెక్కల్లో మాత్రం జాతి క్షేమంగానే కనిపిస్తుంది.

పుంగనూరు ఆవుల రైతు: మా చిత్తూరు వైపు నేనూ అదే చూస్తున్నానమ్మా. పుంగనూరు ఆవును పొట్టిగా ఉందని ముచ్చటపడి కొనుక్కుపోతున్నారు. పొదుగు గురించి అడిగేవాళ్లు తక్కువ.

వ్యాఖ్యాత: అక్కడి ప్రభుత్వం సాయం చేయడం లేదా?

పరిశోధకుడు: చేస్తోంది. అంతరించే జాతుల ఆవులకు బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రం తలకింత అని ఇస్తుంది.

రైతు: పిండినా పిండకపోయినా అంతేనా? అలాగైతే రెండు పూటలా వాలు దిగి తోలుకొచ్చి పిండేది ఎవరండీ? పిండేవాడికి విడిగా ఇవ్వాలి. ఆ పాలతో చేసిన చీజుకు విడిగా ధర రావాలి. అప్పుడు నేనైనా పిండుతాను.