హ్వాల్సే చర్చిలో ఆఖరి పెళ్లి

అందరికీ నమస్కారం. ఆర్కిటిక్ క్రూజ్‌కు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న, తెల్ల ఎలుగుబంటి కనబడిందా అని. కనబడలేదు. పైకప్పు లేని ఒక రాతి చర్చి కనబడింది. అన్నట్టు, అది ఆర్కిటిక్ వలయంలో కూడా లేదు. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో, దాదాపు 61 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. క్రూజ్ వాళ్ల భూగోళం వేరు.

ఆ చోటి పేరు హ్వాల్సే. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చివర ఉంటుంది. ఓడ దూరంగా ఆగింది. మా బూట్లు మందు నీళ్లలో కడిగించి, రబ్బరు పడవల్లో ఒడ్డుకు చేర్చారు. అక్కడ గడ్డి, గొర్రె పెంటికలు, గోడలు. అంతే.

ఐస్‌లాండ్ నుంచి వెలివేసిన ఎరిక్ ద రెడ్ 985 ప్రాంతంలో జనాన్ని వెంటేసుకుని వచ్చాడు. 25 ఓడలు బయల్దేరితే 14 చేరాయని పాత కథలు చెబుతాయి. వాళ్ల వారసులు నాలుగు వందల ఏళ్లకు పైగా ఇక్కడ ఆవుల్ని, గొర్రెల్ని మేపారు, వాల్‌రస్ అనే పెద్ద కోరల సముద్ర జంతువు దంతాలు యూరప్‌కు అమ్మారు. ఈ చర్చి 14వ శతాబ్దం మొదట్లోది. అప్పటికి వాళ్లు ఓడలెక్కి దోపిడీలు చేసే వైకింగులేమీ కారు, చర్చికి పన్ను కట్టే రైతులు. క్రూజ్ బ్రోషర్‌లో మాత్రం వైకింగుల బొమ్మల్లో ఉండే కొమ్ముల టోపీయే!

గోడలు మీటరున్నర మందం. కొన్ని రాళ్లు నాలుగైదు టన్నులుంటాయి. కిటికీలు బయట సన్నగా, లోపలికొచ్చేసరికి వెడల్పుగా ఉన్నాయి. చలి తక్కువ, వెలుగు ఎక్కువ రావాలనేమో. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

1408 సెప్టెంబరులో ఆ గోడల మధ్య ఒక పెళ్లి జరిగింది. ఇక్కడ జరిగినట్టు రాతలో మిగిలిన ఆఖరి పెళ్లి అదే. వరుడు ఐస్‌లాండ్ వాడు థోర్‌స్టైన్ ఓలాఫ్సన్, వధువు సిగ్రిడ్. దారి తప్పి గాలికి కొట్టుకొచ్చిన ఓడలో వచ్చిన జనంలో ఆ వరుడొకడు. అంతకు ముందు ఏడాదే కోల్‌గ్రిమ్ అనే అతను చేతబడి చేసి పరాయి ఇల్లాలిని లోబరుచుకున్నాడని సజీవంగా కాల్చేశారు. ఆ పక్కనే పెళ్లి సందడి!

ఈ పెళ్లి సంగతి మనదాకా ఎలా వచ్చింది? ఎవరో చరిత్ర రాద్దామనుకుని కాదు. దంపతులు ఐస్‌లాండ్ వెళ్లాక, పెళ్లి సక్రమంగానే జరిగిందని కాగితం కావాల్సి వచ్చింది. వీసా కోసం మ్యారేజ్ సర్టిఫికెట్ చుట్టూ తిరిగినవాళ్లకు ఆ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. పూజారులు 1409లోనే ఉత్తరం రాసిచ్చారు. పెళ్లికి వచ్చినవాళ్లు 1414లో, మళ్లీ 1424లో సాక్ష్యం చెప్పారు.

పెళ్లికొడుకు వచ్చిన ఆ ఓడ 1410లో వెళ్లిపోయింది. ఆ తర్వాత గ్రీన్‌లాండ్ నార్స్ జనం, అంటే ఎరిక్ వెంట వచ్చినవాళ్ల వారసుల నుంచి మనకు ఒక్క ఉత్తరమూ దొరకలేదు. చలి ముదిరిందంటారు, ఏనుగు దంతం వచ్చి వాల్‌రస్ దంతానికి గిరాకీ పోయిందంటారు. నా మటుకు నాకు, ఓడలు రావడం తగ్గాక పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయి ఉంటారనిపిస్తుంది. 1721లో హాన్స్ ఎగెడె అనే పాస్టరు వాళ్లను వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడి స్థానికులైన ఇన్యూయిట్లు కనబడ్డారు గానీ, నార్స్ వాళ్లు ఒక్కరూ దొరకలేదు.

తిరుగు పడవకు టైమైంది. బూటు లేసు ఊడితే ఒక రాయి మీద కూర్చున్నాను. గైడ్ కేకేసింది. అది విందులు జరిగిన హాలు గోడట. లేచి, నిలబడే కట్టుకున్నాను.