లేక్ ఓస్వెగో: సరస్సు చుట్టూ పెరిగిన సంపద

అందరికీ నమస్కారం.

అమెరికా పశ్చిమ తీరంలో ఒరెగాన్ రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలోని పెద్ద నగరం పోర్ట్‌లాండ్. దానికి దక్షిణంగా 8 మైళ్లు వెళ్తే లేక్ ఓస్వెగో వస్తుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 40,731 మంది. చుట్టుపక్కల బాగా డబ్బున్న ఊరేదంటే పోర్ట్‌లాండ్ వాళ్లు ముందుగా చెప్పే పేర్లలో ఇదొకటి. కొండవాలు మీద ఇళ్లు, ఆకాశాన్ని తాకే డగ్లస్ ఫర్ చెట్లు, మధ్యలో మూడు మైళ్లకు పైగా పొడవున్న సరస్సు, దాని ఒడ్డున ఇళ్ల ముందు పడవలు పెట్టుకునే బోట్‌హౌస్‌లు. మంచి బడులు, మంచి లైబ్రరీ, వీధుల్లో శిల్పాలు.

ఇలాంటి ఊళ్ల గురించి ఎక్కువగా ఇళ్ల ధరల దగ్గర మొదలుపెట్టి, బడుల ర్యాంకుల దగ్గర ముగిస్తారు. నేను మాత్రం నీళ్ల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఆ సరస్సు మీద హక్కు ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో చూస్తే, ఈ ఊరి సంపద ఎలా పోగైందో, ఆ సంపదలో ఎవరికి చోటు దొరికిందో, ఎవరికి దొరకలేదో తెలుస్తుంది.

సరస్సు పుట్టుక చాలా పాతది. పదమూడు, పదిహేను వేల ఏళ్ల కిందట, మంచుయుగం చివర్లో, ఎక్కడో ఐడహో, మోంటానా రాష్ట్రాల సరిహద్దు దగ్గర మంచు ఆనకట్టలు తెగి మహావరదలు వచ్చాయి. వాటిని మిజూలా వరదలంటారు. ఆ వరద తోసుకొచ్చి టువాలటిన్ నది పాత పాయను తొలిచి పెద్ద గుంట చేసింది. ఆ గుంటే ఇవాళ్టి సరస్సు. ఆ నేల క్లాకమస్ తెగవాళ్లది. బయటివాళ్లు తెచ్చిన జబ్బులకు వాళ్లలో చాలామంది 1830ల నాటికే చనిపోయారు. 1847లో ఆల్బర్ట్ డర్హమ్ అనే ఆయన అక్కడికొచ్చి, సరస్సు నుంచి విల్లమెట్ నదిలోకి పారే వాగు మీద కట్టె కోసే మిల్లు పెట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వెగో పేరే ఈ ఊరికీ పెట్టాడు.

ఈ ఊరిని మొదట ఎవరూ అందమైన ఊరు అనలేదు, అది పొగ ఊరు. పక్క కొండలో ఇనుప ఖనిజం ఉంది. ఆ కొండ పేరే ఐరన్ మౌంటెన్. 1865లో ఒరెగాన్ ఐరన్ కంపెనీ పుట్టింది. 1867లో కొలిమి వెలిగింది. అమెరికా పసిఫిక్ తీరంలో ఖనిజం నుంచి ఇనుము తీసిన మొదటి కొలిమి అదే. ఖనిజం, సున్నపురాయి, కట్టెబొగ్గు, ఈ మూడూ పైనుంచి పోస్తుంటే కింద కరిగిన ఇనుము వచ్చేది. కట్టెబొగ్గు కోసం చుట్టుపక్కల అడవిని కొట్టేశారు. ఇవాళ చెట్ల నీడ చూసి మురిసిపోయే ఊరు ఒకప్పుడు మోడుల ఊరు. కట్టె కొట్టినవాళ్లలో చైనా నుంచి వచ్చిన కూలీలు చాలామంది ఉన్నారు. 1890లో, అంటే బాగా జోరు మీదున్న ఏడాది, 12,305 టన్నుల ముడి ఇనుము తీశారు. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1894లో కొలిమి ఆరిపోయింది. మాంద్యం వచ్చింది, బయటి నుంచి చవక ఇనుము వచ్చిపడింది. పైపుల ఫౌండ్రీ మాత్రం 1928 దాకా నడిచింది. నల్లని బసాల్ట్ రాళ్లతో కట్టిన ఆ కొలిమి ఇప్పటికీ జార్జ్ రోజర్స్ పార్కులో నిలబడి ఉంది. దాన్ని శ్రద్ధగా బాగుచేయించి 2010లో మళ్లీ జనానికి చూపించారు. ఆ పని చేసినందుకు ఈ ఊరిని మనసారా మెచ్చుకుంటాను. తమ పుట్టుక మసిలో ఉందని దాచిపెట్టని ధనిక పట్టణాలు తక్కువ.

ఇనుము పోయాక కంపెనీ చేతిలో మిగిలింది భూమి, దాంతోపాటు సరస్సు. 1870లలోనే టువాలటిన్ నది నుంచి సరస్సులోకి కాలువ తవ్వారు. వాగు మీద ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచారు. అందువల్ల ఇవాళ కనిపించే సరస్సులో కొంత సహజం, కొంత మనుషులు చేసింది. ఈ తేడాను కాస్త గుర్తుపెట్టుకోండి, కోర్టు దాకా వెళ్లినప్పుడు పనికొస్తుంది.

కంపెనీ భూమిని ప్లాట్లు వేసి అమ్మడం మొదలుపెట్టింది. 1914లో పోర్ట్‌లాండ్ నుంచి కరెంటు రైళ్లు వచ్చాయి. పొద్దున నగరంలో ఉద్యోగం, సాయంత్రం సరస్సులో ఈత అన్న జీవితం కొనుక్కోగలిగే సరుకైంది. పాల్ మర్ఫీ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి, లాడ్ ఎస్టేట్ కంపెనీ కలిసి 1920లలో దీన్ని పెద్ద ఎత్తున అమ్మారు. ఆడుకునే చోటే కాపురం ఉండండి అన్నది వాళ్ల ప్రచారం. గోల్ఫ్ మైదానం వచ్చింది, గుర్రపు స్వారీ బాటలు వచ్చాయి. సరస్సు తూర్పు కొసన బురద నేలను తవ్వి లేక్‌వుడ్ బే అనే కొత్త పాయ చేశారు. ఒడ్డు ఎంత పొడవుంటే అన్ని ప్లాట్లు, అన్ని డబ్బులు.

ఆ ప్లాట్ల దస్తావేజుల్లో ఏం రాశారో కూడా చూడాలి. చాలావాటిల్లో నల్లవాళ్లకూ ఆసియావాళ్లకూ ఈ ఇల్లు అమ్మకూడదు, వాళ్లు ఇందులో ఉండకూడదు అన్న షరతులు ఉండేవి. ఇంట్లో పనిచేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చినవీ ఉన్నాయి. అడవి కొట్టి కొలిమికి బొగ్గు ఇచ్చిన చైనా కూలీల మనవళ్లు అదే నేల మీద ఇల్లు కొనుక్కోలేని పరిస్థితి. నల్లవాళ్లు వచ్చి స్థిరపడకూడదని తన రాజ్యాంగంలోనే రాసుకున్న రాష్ట్రం ఒరెగాన్. ఆ వాక్యాన్ని తీసేసింది 1926లో. దస్తావేజుల్లోని షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఊరి రూపురేఖలు మారిపోవు కదా. అప్పటికే ఇళ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ల పిల్లలకే ఆ విలువ దక్కింది. ఒడ్డున ఇల్లు అంటే ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరే పెట్టుబడి. ఆ పెట్టుబడికి మొదటి టికెట్ చర్మం రంగు చూసి ఇచ్చారు. నగరం ఇవాళ ఎంత మారినా ఈ మాట చెప్పకుండా దాని చరిత్ర చెప్పడం సరికాదని నా అభిప్రాయం.

1942లో సరస్సు లేక్ ఓస్వెగో కార్పొరేషన్ అనే సంస్థ చేతికి వచ్చింది. ఒడ్డున ఇళ్లున్నవాళ్లే అందులో వాటాదారులు. బోట్లకు నంబర్లు ఇచ్చేది, గస్తీ తిరిగేది, ఆనకట్ట చూసుకునేది వాళ్లే. వాళ్ల పక్షం కూడా న్యాయంగా చెప్పాలి. నది నీటితో వచ్చే ఫాస్ఫరస్ వల్ల సరస్సులో నాచు ఎక్కువగా పెరుగుతుంది, ఆకుపచ్చ తెట్టు కడుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి వాళ్లు పటిక కలుపుతారు, అడుగు నీళ్లలోకి గాలి పంపుతారు. ఇదంతా సొంత డబ్బుతోనే. ఏళ్ల తరబడి ఖర్చు పెట్టి కాపాడుకున్నదాన్ని అందరికీ తెరవమంటే వాళ్లకు కోపం రావడం అర్థం చేసుకోదగ్గదే.

అయితే ఆ సరస్సు అడుగున ఇంకొకటి ఉంది. ఊరి మురుగు పైపు. అన్ని కొండలూ సరస్సు వైపే వాలి ఉన్నాయి, అన్నిటికన్నా పల్లంలో ఉన్నది సరస్సే. మురుగు పంపుల అవసరం లేకుండా దానంతటదే పారాలంటే పైపు అక్కడినుంచే వెళ్లాలి. 1960లలో అలాగే వేశారు. నలభై ఏళ్లు తిరిగేసరికి ఊరు పెరిగి పైపు చాలలేదు. పైగా పెద్ద భూకంపం వస్తే దాన్ని మోస్తున్న స్తంభాలు నిలవవని ఇంజనీర్లు తేల్చారు. 2010 శరదృతువులో సరస్సు నీటిమట్టాన్ని 24 అడుగులు దించేశారు. బోట్‌హౌస్‌ల ముందు నీళ్లుండాల్సిన చోట బురద, పాత మోడులు బయటపడ్డాయి. కొత్త పైపును చాలా చోట్ల నేల మీద పెట్టలేదు, స్తంభాల మీదా పెట్టలేదు. పైపు నీళ్లలో తేలాలని చూస్తుంది. దాన్ని సరస్సు అడుగు రాతిలోకి దించిన లంగర్లకు తీగలతో కట్టేశారు. తీగలు కిందికి లాగుతుంటే, నీళ్లు పైకి తోస్తుంటే పైపు మధ్యలో కచ్చితమైన వాలుతో నిలబడుతుంది. భూకంపం వస్తే ఊగుతుంది కానీ విరగదు. ఇంత చక్కని ఆలోచన గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. 2011లో మళ్లీ నీళ్లు నింపారు. దాదాపు 10 కోట్ల డాలర్ల పని. ఆ డబ్బు ఎవరు కట్టారు? ఊళ్లో మురుగు బిల్లు కట్టే ప్రతివాళ్లూ. ఒడ్డున ఇల్లున్నవాళ్లూ కట్టారు, హైవే పక్క అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లూ కట్టారు.

పైపు బాగుచేయడానికి సరస్సు అందరిదీ అయింది. ఈత కొట్టడానికి కాలేదు. ఊరి నడిబొడ్డున మిలీనియం ప్లాజా పార్క్ ఉంది. ప్రజల డబ్బుతో కట్టిన పార్కు, శనివారాలు రైతుబజారు అక్కడే. అక్కడినుంచి మెట్లు నీళ్ల దాకా దిగుతాయి. 2012లో సిటీ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ఆ పార్కులోంచి ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, మెట్ల మీదే ఉండాలి. కింది మెట్టు మీద కూర్చుంటే నీళ్లు చేతికందే దూరంలో ఉంటాయి, దిగితే మాత్రం తప్పు అన్నారు. అదే ఏడాది కయాక్ అనే చిన్న పడవ నడిపే ఒకాయన, ఊళ్లోనే ఉండే ఒక ఈతగాడు కోర్టుకెళ్లారు. నదులు, సరస్సులను ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా కాపాడాలన్నది చాలా పాత న్యాయసూత్రం. వాళ్లు దాన్నే ఆధారం చేసుకున్నారు.

కేసు నత్తనడక నడిచింది. కింది కోర్టుల్లో ఓడిపోయారు. 2019లో ఒరెగాన్ సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ విచారణకు పంపింది. ఈ సరస్సు నిజంగా ఆ సూత్రం కిందికి వస్తే, ప్రజల పార్కులోంచి ప్రజలు నీళ్లలోకి దిగడాన్ని నగరం అకారణంగా అడ్డుకోకూడదని చెప్పింది. ఒడ్డున ఉన్న ప్రైవేటు స్థలాల మీదుగా నడిచి వెళ్లే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఇక మిగిలింది సరస్సు ఎవరిదన్న ప్రశ్న. ఇక్కడే సహజ భాగం, తవ్విన భాగం అన్న తేడా వచ్చింది, ఎందుకంటే మెట్లు దిగేది తవ్విన లేక్‌వుడ్ బేలోకి. 2022లో విచారణ కోర్టు ఈ నీళ్లకు ఆ సూత్రం వర్తిస్తుందని తేల్చింది. 2025లో నగరం పెట్టిన నిషేధం సమంజసం కాదన్న తీర్పూ వచ్చింది. పడవ తోసుకుని నీళ్లలోకి దిగనివ్వడానికి పదమూడేళ్లు పట్టింది. సముద్ర తీరమంతా ప్రజలదే అని 1967లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో!

తీర్పు సరైనదేనని నేను నమ్ముతున్నాను. నాచు సమస్య నిజమే, రద్దీ సమస్య కూడా నిజమే. వాటికి నియమాలు పెట్టొచ్చు. మోటారు బోట్లకు హద్దులు, బయటి పడవలు కడిగాకే దించడం, ఈతకు వేళలు, ఇవన్నీ చేయొచ్చు. మనుషులందరినీ ఆపేయడం మాత్రం నియమం కిందికి రాదు.

ఈ ఊరివాళ్లు పంచుకోవడం తెలియనివాళ్లేం కాదు. ఉత్తరం వైపు ట్రయాన్ క్రీక్ లోయ ఇళ్ల ప్లాట్లుగా మారిపోయేదే. 1970 ప్రాంతంలో ఇక్కడివాళ్లు, పోర్ట్‌లాండ్ వాళ్లు కలిసి పట్టుబట్టి దాన్ని రాష్ట్ర పార్కుగా నిలబెట్టుకున్నారు. దాదాపు 650 ఎకరాల అడవి. లోపలికి వెళ్లడానికి ఊరి పేరు అడగరు. బడుల సంగతి కాస్త వేరు. 1990లో ఆస్తి పన్ను మీద పరిమితి పెట్టాక ఒరెగాన్‌లో బడుల డబ్బు ఎక్కువగా రాష్ట్రం నుంచే వస్తోంది, పిల్లల లెక్కన సమానంగా పంచుతుంది. ఇక్కడి తల్లిదండ్రులు బడుల కోసం పెట్టిన ఫౌండేషన్‌కు చందాలిచ్చి అదనంగా టీచర్లను పెట్టుకుంటున్నారు. పిల్లల మీద ప్రేమే అది, తప్పుపట్టను. అలా చందాలు పోగవని పక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌లో క్లాసు కిక్కిరిసే ఉంటుంది.

ఇప్పుడు ఊరి ముందున్న పెద్ద పని ఇళ్లు. 1960లో 8,906 మంది ఉన్న ఊరు ఇప్పుడు నాలుగింతలు దాటింది. స్థలం పెరగదు. బడిలో పాఠం చెప్పేవాళ్లు, లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాళ్లు, హోటల్లో వడ్డించేవాళ్లు చాలామంది వేరే ఊళ్ల నుంచి కార్లలో వచ్చి వెళ్తున్నారు. 2019లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. 25,000 జనాభా దాటిన నగరాల్లో, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఊళ్లలో, ఒకే ఇంటికి కేటాయించిన వీధుల్లో కూడా రెండు, మూడు, నాలుగు వాటాల ఇళ్లు కట్టుకోనివ్వాలి. లేక్ ఓస్వెగో కూడా తన నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది. చెట్లు పోతాయి, ఊరి తీరు పోతుంది అని సభల్లో గట్టిగానే వాదించారు. చెట్ల గురించి ఆ దిగులు నాకూ ఉంది. అయినా నాలుగు కుటుంబాలు ఒక చెట్టు కింద ఉండొచ్చు.

ఊరికి దక్షిణాన మేరీల్‌హర్స్ట్ విశ్వవిద్యాలయం ఉండేది. 1893లో కాథలిక్ సన్యాసినులు స్థాపించారు, 2018లో మూతపడింది. విల్లమెట్ నది పక్కన ఆ స్థలం అమ్మితే బోలెడు డబ్బు. సన్యాసినులు అందులో కొంత భాగాన్ని తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ఇళ్లకు ఇచ్చారు. అక్కడ 100 అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో చేరిన పిల్లలు లేక్ ఓస్వెగో బళ్లలోనే చదువుతారు, మిలీనియం ప్లాజా మెట్లు వాళ్లకు కారులో పది నిమిషాల దూరం.