తోరణాల దాకా నడిచే వెళ్దాం

శ్రోతలందరికీ నమస్కారం.

ఖిలా వరంగల్ చూశారా అని అడిగితే మన జిల్లాలో చూడలేదనేవాళ్లు తక్కువ. బండి మీద నేరుగా కోట నడుమనున్న రాతి తోరణాల దగ్గరికి వెళ్తాం, ఫొటోలు దిగుతాం, చాయ్ తాగి తిరిగొస్తాం. చాలా ఏళ్లు నేనూ అంతే. పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున పద్దెనిమిది మందిమి మట్టికోట దగ్గరే ఆటోలు దిగి, అక్కడి నుంచి నడిచాం. ఇన్నేళ్లూ నేను కోట నడిమధ్యను మాత్రమే చూశానని ఆ రోజు తెలిసింది.

ఓరుగల్లును వలయాలుగా కట్టారు. బయట మట్టికోట, దానికి కందకం. లోపల రాతికోట, దానికి మరో కందకం. నట్టనడుమ స్వయంభూ శివుడి గుడి. కాకతీయ రాజు గణపతిదేవుడు రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి తెచ్చాడు. ఆయన కూతురు రుద్రమదేవి కోటను ఇంకా బలపరిచింది. చెట్లు మొలిచిన ఆ మట్టికట్టను చూసి చెరువుకట్ట అనుకునేవాళ్లున్నారు. అందులో తప్పేం లేదు. పాకాల, రామప్ప చెరువులకు కట్టలు వేసింది కూడా ఆ కాలంవాళ్లే. మట్టిని ఎలా అణిచి నిలబెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ సైన్యం ముట్టడించినప్పుడు ఈ మట్టిగోడలో ఈటె కూడా దిగలేదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు.

మట్టికోట దాటాక రాతికోట చేరడానికి అర కిలోమీటరుకు పైనే నడవాలి. దారి పొడవునా ఇళ్లు, పొలాలు, కూరగాయల మడులు. ఇక్కడివాళ్లు ఇల్లెక్కడంటే తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అని చెబుతారు. ఇది మనుషులు కాపురముంటున్న కోట. అందుకే గుంపుగా వెళ్లేటప్పుడు మాట తగ్గించి, వాకిళ్లు తొక్కకుండా నడవాలని ముందే అనుకున్నాం. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ మమ్మల్ని చూసి, "గింత పొద్దుగాల్నే నడుసుకుంట వొచ్చిన్రా బిడ్డా, జర కూసోని మంచినీళ్లు తాగి పోరాదుండ్రి" అంది. కూర్చున్నాం.

రాతికోట దర్వాజ దగ్గర అరగంట ఆగాం. లోపలికి తిన్నగా పోలేం. ఒక మలుపు, వెంటనే ఇంకో మలుపు. ఆటోలు ఇప్పటికీ హారన్ కొట్టి, నెమ్మదిగా తిరిగి లోపలికి పోతాయి. ఏనుగును పరుగెత్తించి తలుపు మీదికి తోలాలనుకునే శత్రువు ఇక్కడేం చేయగలడు? మలుపులో నిలబడి తలెత్తితే, ఎటు చూసినా మన నెత్తి మీద గోడే. మా గుంపులోని ఒక చిన్న పాప గరికపోచ తెంపి రెండు రాళ్ల నడుమ దూర్చబోయింది. కొస కూడా పోలేదు. ఈ గోడకు సున్నం అతుకు లేదు, చెక్కిన నల్లరాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఈ వలయానికి 45 బురుజులు. లోపలి వైపు నుంచి గోడ మీదికి ఎక్కడానికి రాతిమెట్లు ఉన్నాయి.

ఇలా నడిచి లోపలికి వస్తే, దాదాపు 30 అడుగుల తోరణం ఒక్కసారిగా కనబడుతుంది. ఇక్కడ ఒక్క విషయం దగ్గరికెళ్లి చూడండి. రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ, పొడుగాటి దూలంగా పడుకోబెడితే నడుమ పగులుతుంది. అందుకని స్తంభం నుంచి వంపు తిరిగిన రాళ్లు ముందుకు వచ్చి దూలాన్ని ఇరువైపులా కిందినుంచి పట్టుకుంటాయి. మనం అలంకారం అనుకునే ఆ వంపు బరువు మోస్తోంది. పైన హంసలు, కింద వేలాడే తామరమొగ్గలు. ఇలాంటి తోరణాలు నాలుగు దిక్కులా నాలుగు నిలిచాయి. వాటి మధ్యన ఉన్న గుడి మాత్రం కూలిపోయింది. 1323లో కోట ఢిల్లీ సుల్తానుల వశమైంది. చెక్కిన రాళ్లు ఇప్పటికీ అక్కడ వరుసలుగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య నడుస్తుంటే నాకు గొంతు పట్టేసినట్టయింది.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు. కాకతీయుల తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చెబుతారు. ఏటవాలు గోడలను బట్టి తుగ్లక్ కాలం నాటిదనేవాళ్లూ ఉన్నారు. లోపల దూలాలు లేవు, వరుసగా పెద్ద పెద్ద కమాన్లు. కమాను బరువును కిందికే కాక పక్కలకూ నెడుతుంది. ఆ నెట్టుడుకు తట్టుకోవాలనే గోడలు అంత మందం, అడుగున అంత వెడల్పు. తోరణం చూసిన కళ్లతోనే దీన్ని చూడాలి. ఖాళీ మీద బరువును ఎలా నిలపాలన్న ఒకే చిక్కును రెండు కట్టడాలూ రెండు రకాలుగా విప్పాయి. నడిచి వచ్చిన మా పద్దెనిమిది మందిలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇద్దరే. అయినా ఈ తేడా అందరికీ అర్థమైంది.

వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున ఆరున్నరకల్లా మట్టికోట దగ్గర ఉండండి. ఎండ ముదిరితే రాయి వేడెక్కుతుంది. నీళ్లసీసా, టోపీ మరిచిపోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆటోలో రాతికోట దర్వాజ దాకా తీసుకురండి. ఆ మలుపుల దగ్గర మాత్రం వాళ్లనూ దింపి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించండి.