చీటీలో రాయలేని పుస్తకం

శ్రోతలకు నమస్కారం. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో జనవరి నుంచి మార్చి దాకా సాగే ఒక విద్యాకాలాన్ని, వారి మాటలో ఒక క్వార్టర్‌ను, అతిథి అధ్యాపకుడిగా గడిపి వచ్చాను. వచ్చిన తరువాత నన్ను కలిసిన వారందరూ మొదట చలి గురించే అడిగారు. చలి చాలా ఉంది. మిషిగన్ సరస్సు మీద నుంచి వీచే గాలికి రెండు ఉన్ని కోట్లు కూడా చాలవు. అంతకు మించి చలి గురించి చెప్పవలసినది లేదు కనుక, నాకున్న ఈ కొద్ది నిమిషాలనూ అక్కడి గ్రంథాలయానికీ, అందులోనూ ఒక్క పుస్తకాల వరుసకూ కేటాయిస్తాను.

ఆ గ్రంథాలయం పేరు రీగెన్‌స్టైన్. అది 1970లో ప్రారంభమైంది. అంతకు ముందు ఆ స్థలంలో ఒక క్రీడామైదానం ఉండేది. ప్రేక్షకులు కూర్చునే మెట్ల కింద, 1942 డిసెంబరు 2న, భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం మొట్టమొదటి నియంత్రిత అణు శృంఖలచర్యను సాధించింది. హెన్రీ మూర్ మలచిన కంచు శిల్పం ఇప్పటికీ ఆ చోటును గుర్తుచేస్తూ ఉంటుంది. యాత్రికులు ఆ శిల్పం దగ్గర ఆగి ఫోటోలు తీసుకుంటారు. నేను మాత్రం రోజూ దాన్ని దాటి తెలుగు పుస్తకాల దగ్గరికి వెళ్లేవాణ్ణి.

ద్వారం దగ్గర గుర్తింపు కార్డు చూపించడం ఒక్కటే నియమం. ఆ తరువాత ఎవరూ ఏమీ అడగరు. తాళం వేసిన బీరువా లేదు, చీటీ రాసి అటెండరు కోసం ఎదురుచూడడం లేదు. 1960ల నాటి ఒక హరికథా పుస్తకం కోసం నేను ఇక్కడ మూడు ఊళ్లలో, రెండేళ్ల పాటు వెతికాను. ఒకచోట అది చెదలకు పోయిందన్నారు, ఒకచోట జాబితాలో ఉంది గాని బీరువాలో లేదన్నారు, ఇంకొకచోట తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నారన్నారు. షికాగోలో ఆ పుస్తకాన్ని చేరుకోవడానికి నాకు పట్టిన సమయం పావుగంట. 50 పైసల వెల ముద్రించిన ఆ పల్చని పుస్తకానికి గట్టి గుడ్డ బైండు కట్టి, వీపున అంకెలు వేసి, అచ్చమైన గ్రంథంలా నిలబెట్టారు.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆ పుస్తకం దొరకడం గురించి కాదు. దాని పక్కన మరొకటి ఉంది. అదే కథకు వేరొక భాగవతారు కట్టిన మరో పాఠం. అటువంటిది ఒకటి ఉన్నదని నాకు తెలియదు. తెలియని పుస్తకం పేరు చీటీలో ఎలా రాస్తాను? చీటీ రాస్తే అడిగిన పుస్తకమే వస్తుంది. అరల మధ్య నడిస్తే, అడగడం తెలియని పుస్తకం కూడా చేతికి వస్తుంది.

ఆ బైండు లోపలి పుటలో పి.ఎల్. 480 అన్న ముద్ర కనిపించింది. ఆ మాట విన్న పెద్దలకు వెంటనే గోధుమలు గుర్తుకొస్తాయి. ఆ పేరుగల చట్టం కింద అమెరికా మనకు ధాన్యం అమ్మి, సొమ్మును రూపాయలలోనే తీసుకుంది. ఆ రూపాయలలో కొంత భాగంతో 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి ఢిల్లీ కార్యాలయం మన భాషలలో అచ్చయిన పుస్తకాలను కొని, అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలకు పంపింది. మా అమ్మ రేషన్ దుకాణం ముందు నిలబడి తెచ్చిన గోధుమలకూ, నా చేతిలోని హరికథకూ ఇటువంటి చుట్టరికం ఉన్నదని తెలిసి, నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అలా నేల మీద కూర్చోవడం అక్కడ వింతేమీ కాదు. విద్యార్థులు కూర్చుంటారు, వారికి పాఠం చెప్పే ఆచార్యులూ కూర్చుంటారు.

తీసిన పుస్తకాన్ని మాత్రం మనం తిరిగి అరలో పెట్టకూడదు, బల్ల మీద వదిలి రావాలి. మొదట నాకిది బద్ధకానికి ఇచ్చిన అనుమతిలా తోచింది. తప్పు అరలో చేరిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమనీ, అందుకే సర్దే పని సిబ్బందిదేననీ తరువాత తెలిసింది. పాఠకుణ్ణి లోపలికి రానివ్వడమంటే అన్నీ అతనికే వదిలేయడం కాదన్నమాట. నిజానికి పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికేనని 1931లోనే సూత్రీకరించి, అరలు పాఠకులకు తెరిచి ఉండాలని వాదించినవాడు మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథనే. మద్రాసులో చెప్పిన మాటను నేను షికాగో వెళ్లి అర్థం చేసుకున్నాను.

తిరిగి వచ్చాక నేను చేసినది చిన్న పని. మా శాఖలో ఉన్న ఆరు బీరువాలలో ఒకదాని తాళం తీయించి, ఎం.ఏ. విద్యార్థులను నేరుగా చూసుకోనిమ్మని అడిగాను. పుస్తకాలు పోతే బాధ్యత ఎవరిదని అడిగారు. నాదేనని రాసి ఇచ్చాను. ఏడాది చివర లెక్క చూస్తే రెండు పుస్తకాలు తగ్గాయి. ఒకటి వ్యాకరణాల వెనుక పడి ఉండగా ఒక అమ్మాయి వెతికి తీసింది. రెండవదాని వెల 180 రూపాయలు నేను కట్టి రసీదు తీసుకున్నాను. బీరువా ఇంకా తెరిచే ఉంది. నమస్కారం.