పీత డిప్ప కింద లోహాల లెక్క

అందరికీ నమస్కారం.

పీత కాలు విరిగినప్పుడు కారే రక్తాన్ని ఎప్పుడైనా గమనించారా? ఎర్రగా ఉండదు. చూడ్డానికి నీళ్లలా ఉంటుంది, గాలి తగిలిన కాసేపటికి లేత నీలంలోకి తిరుగుతుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము. పీత రక్తంలో ఆ పని రాగిది. హీమోసయనిన్ అనే ప్రోటీన్‌లో కూర్చుని మోస్తుంది. ఊపిరికే రాగి కావాల్సిన ప్రాణి కాబట్టి నీటిలోంచి, తిండిలోంచి లోహాలను ఏరి దాచుకునే ఏర్పాటు దాని ఒంట్లో ఉంది. పీత తింటే మనకొచ్చే లాభమూ అక్కడి నుంచే, చిక్కూ అక్కడి నుంచే.

ముందు లాభం చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లో, ఉడికించిన కింగ్ క్రాబ్ మాంసం 100 గ్రాములకు జింక్ దాదాపు 7.6 మిల్లీగ్రాములు, రాగి 1.2 మిల్లీగ్రాములు, సెలీనియం 40 మైక్రోగ్రాములు ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన జింక్ 8 నుంచి 11 మిల్లీగ్రాములు, రాగి 0.9. అంటే ఒక్క పూటతో రాగి లెక్క తీరిపోతుంది, జింక్ కూడా చాలావరకు వచ్చేస్తుంది. ఇనుము మాత్రం ఒక మిల్లీగ్రాము కూడా లేదు. కాల్షియం సంగతీ అంతే, సుమారు 60 మిల్లీగ్రాములు. అంత గట్టి పెంకున్న జీవిలో ఇంతేనా అనిపిస్తుంది. ఉన్నదంతా ఆ పెంకులోనే పోసుకుంది మరి. పెంకు మనం నమలం.

అదే పట్టికలో ఇంకో అంకె ఉంది. సోడియం, 1,070 మిల్లీగ్రాములు. సముద్రపు ఉప్పు, ప్రాసెసింగ్‌లో వాడే ఉప్పునీరు కలిసి అంతవుతుంది. రోజుకు 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సోడియం కూడా లోహమేనని మనకు గుర్తుండదు. బీపీ ఉన్నవాళ్లు పీతలో పాదరసం ఉందేమోనని టెన్షన్ పడుతుంటారు. వాళ్లు ముందు చూసుకోవాల్సిన లోహం ఇది.

ఇక ల్యాబ్‌లో పీతను ఎలా విప్పుతామో చెబుతాను. స్టీలు కత్తి ముట్టుకోం, దాని క్రోమియం, నికెల్ నమూనాకు అంటుకుంటాయి. సిరామిక్ కత్తి, యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ పళ్లెం వాడతాం. డిప్ప ఎత్తగానే రెండు పక్కలా బూడిదరంగు మొప్పలు వేళ్లలా పరుచుకుని కనిపిస్తాయి. మధ్యలో పసుపూ గోధుమా కలిసిన రంగులో మెత్తటి ముద్ద ఉంటుంది. చాలామంది దాన్ని పీత కొవ్వు అంటారు, ఇష్టంగా తింటారు. అందులో కొవ్వు ఉన్నమాట నిజమే. కానీ అసలు అది కాలేయం, క్లోమం రెండిటి పనీ చేసే గ్రంథి. పేరు హెపటోపాంక్రియాస్. డెక్కల్లో, కాళ్లలో ఉండే తెల్లమాంసం కండరం. ఇది కండరం కాదు, గోదాము. కాడ్మియం అనే విషలోహం వచ్చి చేరేది ఇక్కడే.

కాడ్మియం ఎలా చొరబడుతుందో తెలియాలంటే దాని చుట్టరికం చూడాలి. ఆవర్తన పట్టికలో జింక్ కింద కాడ్మియం, దాని కింద పాదరసం, మూడూ ఒకే నిలువు వరస. 1817లో జర్మనీ రసాయనవేత్త ష్ట్రోమేయర్ కాడ్మియాన్ని కనిపెట్టింది కూడా జింక్ సమ్మేళనంలో కల్తీగానే. పీత ఒళ్లు జింక్, కాల్షియం కోసం తెరిచిన దారుల్లోంచే ఇదీ లోపలికి వస్తుంది. వచ్చినదాన్ని మెటలోథయనీన్ అనే చిన్న ప్రోటీన్ పట్టుకుని ఆ గ్రంథిలో కట్టేస్తుంది. దానివల్ల పీతకు బాధ లేదు. దాన్ని తిన్న మనకు మాత్రం ఆ మూట విప్పి చేతికిచ్చినట్టవుతుంది. మన ఒంట్లో అది మూత్రపిండాలకు చేరుతుంది. చేరినదాంట్లో సగం బయటికి పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

చిన్న లెక్క వేద్దాం. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2009లో పెట్టిన హద్దు ప్రకారం, కిలో శరీర బరువుకు వారానికి 2.5 మైక్రోగ్రాములకు మించి కాడ్మియం లోపలికి పోకూడదు. 60 కిలోల మనిషికి 150. ఐరోపా నిబంధనల్లో తెల్లమాంసానికి పరిమితి కిలోకు 0.5 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ పరిమితి దగ్గరున్న మాంసం 100 గ్రాములు తింటే 50 మైక్రోగ్రాములు, అంటే వారం కోటాలో మూడో వంతు. మామూలుగా డెక్క మాంసం ఇంకా తక్కువే చూపిస్తుంది. గ్రంథిలో కిలోకు 5 మిల్లీగ్రాములు ఉందనుకోండి, అది వింత అంకేమీ కాదు. 50 గ్రాములకే 250 మైక్రోగ్రాములు! వారం కోటా ఒక్క పూటలో దాటిపోయింది. ఇక్కడ గమనించాల్సింది, ఆ 0.5 పరిమితి ఈ ముద్దకు వర్తించదు, తెల్లమాంసానికే.

చదువుకునే రోజుల్లో గ్రంథి తీసిన చెంచాతోనే డెక్క మాంసం ఎత్తాను. రీడింగ్ చూసి హడలిపోయి గైడ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితం వంక కూడా చూడలేదు. "ఎన్ని చెంచాలు వాడావు?" అన్నారంతే.

అంకెలు బెదరగొట్టే దారులు ఇంకా ఉన్నాయి. పీత మాంసంలో నాలుగింట మూడొంతులకు పైగా నీరే. ఎండబెట్టి కొలిస్తే ప్రతి అంకె నాలుగైదు రెట్లు పెరిగి కనిపిస్తుంది. పరిమితులేమో పచ్చి బరువు మీద ఉంటాయి. ఎండు బరువు అంకె పక్కన పచ్చి బరువు పరిమితి పెట్టి, పీతలన్నీ విషమని తేల్చేయడం తేలిక.

ఆర్సెనిక్ విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. పీతలో మొత్తం ఆర్సెనిక్ కొలిస్తే గుండె గుభేల్‌మంటుంది. కానీ అందులో అత్యధిక భాగం ఆర్సెనోబీటైన్, ఒంట్లో ఆగకుండా మూత్రంలో పోయే రూపం. 1977లో ఆస్ట్రేలియాలో రాతి లాబ్‌స్టర్‌లో దీన్ని గుర్తించారు. పైగా యంత్రమే మోసం చేయగలదు. లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం ఆర్గాన్ వాయువు ప్లాస్మాతో నడుస్తుంది, పరమాణువులను వాటి బరువును బట్టి గుర్తుపడుతుంది. ఆర్గాన్ బరువు 40, ఉప్పులోని క్లోరిన్ 35, రెండూ అంటుకుంటే 75. ఆర్సెనిక్ బరువూ 75. సరిదిద్దకుండా వదిలేస్తే పీతలోని ఉప్పే ఆర్సెనిక్ వేషం వేసుకుని కూర్చుంటుంది.

పాదరసం గురించి రెండు మాటలు చాలు. అది కాడ్మియంలా గ్రంథిలో ఆగదు, మిథైల్ మెర్క్యురీ రూపంలో కండర ప్రోటీన్‌కు అంటుకుంటుంది, కాబట్టి ముద్ద తీసేస్తే పోదు. అయితే పీతలో అది సాధారణంగా తక్కువే. గర్భిణులకు అమెరికా ప్రభుత్వ సంస్థలు ఇచ్చిన జాబితాలో పీత "అత్యుత్తమ ఎంపిక" వరసలోనే ఉంది. సీసానికి కాల్షియం పోలిక ఉంది, ఎక్కువగా పెంకులో చేరుతుంది. కలుషితమైన నీటిలో పట్టిన పీతకు ఈ మాటలేవీ హామీ కావు.

చివరిగా, ఎక్కడ మాట్లాడినా ఎదురయ్యే ప్రశ్న. బాగా ఉడికిస్తే పోదా? పోదు. సూక్ష్మజీవి వేడికి చస్తుంది, మూలకం చావదు. పైగా పీతను డిప్పతో సహా ఉడికిస్తే గ్రంథి పగిలి కాడ్మియం తెల్లమాంసంలోకి, నీళ్లలోకి దిగుతుంది. డిప్పతోనే ఫ్రీజర్‌లో పెట్టి కరిగించినా అంతే. అందుకే ముందు డిప్ప ఎత్తి, మొప్పలు, ముద్ద తీసేసి, కడిగి, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టాలి. ఉడికిన నీళ్లు పారబోయాలి.

ముద్ద లేకపోతే రుచేముందని మీలో కొందరి మొహాలు అడుగుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి చెంచాడు తింటే నేను గొడవ పెట్టుకోను. చిన్నపిల్లలకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆ చెంచా కూడా పెట్టకండి.