పక్కవాడు గొంతు సవరించుకుంటున్నప్పుడు

అందరికీ నమస్కారం. సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, ఈ లైబ్రరీ హాలు మాట్లాడి పెట్టిన అమ్మాయికి, పొద్దున్నే లేచి ఇడ్లీలు చేసి తెచ్చిన మూడు కుటుంబాల వాళ్ళకీ కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి. పరిచయంలో నన్ను ప్రొఫెసర్ గారు అన్నారు. కాదండీ. కృష్ణా జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పుకున్న లెక్చరర్ని. మా అమ్మాయి ఇంటికి ఆరు నెలలకని వచ్చిన చుట్టాన్ని. ఈ దేశంలో నాకు ఓటు లేదు కాబట్టి నా మాటలు ఏ పార్టీ వాళ్ళూ మనసులో పెట్టుకోనక్కర్లేదు.

నాకిచ్చిన అంశం, ఇక్కడ అమెరికాలో కొత్తగా గెలిచిన ప్రెసిడెంటును ఓడిపోయిన పార్టీ ఎలా ఎదుర్కోవాలి అన్నది. ఏడు పాయింట్లు రాసుకొచ్చాను. మొదటిది సెనేట్, అంటే ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో పై సభ. అక్కడ మామూలు బిల్లు మీద చర్చ ముగించాలంటే వందలో 60 ఓట్లు కావాలి. 41 మంది గట్టిగా నిలబడితే బిల్లు కదలదు. రెండోది కోర్టు. 2017 జనవరి 27న ట్రంప్ ఏడు దేశాల వాళ్ళ రాక మీద నిషేధం పెడితే, సరిగ్గా వారానికి సియాటిల్లో ఒక జడ్జి దాన్ని దేశమంతటా ఆపేశాడు. తర్వాత సవరించి రాసిన మూడో ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018లో 5-4తో నిలబెట్టింది. అంటే కోర్టు వాయిదా ఇప్పిస్తుందే గాని, గెలిపిస్తుందని నమ్మకం లేదు. మూడోది...

మూడోది తర్వాత చెబుతాను. అసలు రాత్రంతా నా బుర్రలో తిరిగింది 1937.

1936 నవంబరులో డెమొక్రాటిక్ పార్టీ ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ రెండోసారి గెలిచాడు. అలాంటి ఇలాంటి గెలుపు కాదు. 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. మెయిన్, వెర్మాంట్ రెండే మిగిలాయి. సెనేట్‌లో అప్పుడు 96 మంది సభ్యులుంటే రిపబ్లికన్లు ఇరవై మంది కూడా లేరు. ఆ ఊపులో 1937 ఫిబ్రవరి 5న ఆయన ఒక బిల్లు ప్రకటించాడు. సుప్రీంకోర్టులో 70 ఏళ్ళు దాటినా దిగిపోని ఒక్కో జడ్జికి ఒక్కో కొత్త జడ్జిని, మొత్తం ఆరుగురి దాకా, తాను వేసుకోవచ్చట. ముసలివాళ్ళు పని చేయలేకపోతున్నారన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం అందరికీ తెలుసు. ఆయన తెచ్చిన చట్టాలను ఆ కోర్టు వరసగా కొట్టేస్తోంది.

మరి ఆ గుప్పెడు మంది రిపబ్లికన్లు ఏం చేశారు? నోరు మూసుకున్నారు.

నవ్వకండి. కావాలనే మూసుకున్నారు. వాళ్ళ నాయకుడు ఆరెగాన్ సెనేటరు మెక్‌నారీ. ఇంకొందరు పెద్దలతో కలిసి తేల్చుకున్నాడు, మనం లేస్తే ఇది పార్టీల తగాదా అయిపోతుంది, అప్పుడు డెమొక్రాట్లంతా ప్రెసిడెంటు వెనక ఒక్కటవుతారు, కాబట్టి మనం మాట్లాడొద్దు అని. మాజీ ప్రెసిడెంటు హూవర్‌కి ఎక్కడలేని ఆవేశం వచ్చింది. దేశమంతా తిరిగి ప్రసంగాలు చేస్తానన్నాడు. సొంత పార్టీ వాళ్ళే ఆయన్ని, అయ్యా, కాస్త ఆగండి అని బతిమాలుకున్నారు. ముందుకొచ్చింది ఎవరంటే మోంటానా సెనేటరు వీలర్. డెమొక్రాట్. 1932లో రూజ్‌వెల్ట్‌ని అందరికంటే ముందుగా బలపరిచిన వాళ్ళలో ఒకడు. మార్చిలో సెనేట్ కమిటీ ముందు ఆయన ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ రాసిన ఉత్తరం చదివాడు. కోర్టులో పని ఎక్కడా పేరుకుపోలేదని అందులో ఉంది. పైకి చెప్పిన కారణం అక్కడికి సరి. జులై 14న బిల్లును భుజాన మోస్తున్న డెమొక్రాటిక్ నాయకుడు రాబిన్సన్ హఠాత్తుగా చనిపోయాడు. 22న 70-20 ఓట్లతో బిల్లును కమిటీకి తిప్పి పంపారు. మళ్ళీ రాలేదు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. చూడండి, ఫర్లేదు.

మా కాలేజీకి కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. రాగానే ఆదివారం స్పెషల్ క్లాసులన్నాడు. జీతం లేదు, బదులు సెలవు లేదు. స్టాఫ్ నలభై మంది దాకా ఉంటే ఎదిరించే మా బ్యాచ్ ఐదుగురం. మీటింగు పెట్టారు. నా పక్కన లెక్కల మాస్టారు కూర్చున్నారు. సీనియర్. ప్రిన్సిపాల్‌కి దగ్గరి మనిషి, ఇద్దరిదీ ఒకటే ఊరు. ప్రిన్సిపాల్ చెప్పడం పూర్తయింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. చేతిలో పెన్ను జేబులో పెట్టుకున్నారు. నేను అదేమీ పట్టించుకోలేదు. లేచాను. ఇరవై నిమిషాలు దంచేశాను. నిరంకుశత్వం అన్నాను, బానిసత్వం అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. మా నలుగురూ బల్లలు చరిచారు. మిగతా ముప్పై అయిదు మందీ తలలు దించుకున్నారు. ఓటింగు పెడితే మాకు అయిదు ఓట్లే.

సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర మాస్టారు పిలిచారు. "ఏమయ్యా, ఆదివారం నాకు పొలం పనుంటుంది. నేను లేచి అదే చెబుదామనుకున్నా. నేను చెబితే ఇంకో పది మంది లేచేవాళ్ళు. నువ్వు లేచాక నేనెలా లేస్తాను? లేస్తే నీ పార్టీ అంటారు కదా" అన్నారు. టీ డబ్బులు ఆయనే ఇచ్చారు. రెండేళ్ళు ఆదివారాలు కాలేజీకి వెళ్ళాం. నాకు తగిన శాస్తే, సరే. పాపం మా ఆవిడ, రెండేళ్ళు ఒక్క ఆదివారం సినిమా చూడలేదు.

అందుకని నాకు మెక్‌నారీ అంటే గౌరవం. తెలివితేటలకు కాదు. పక్కవాడు గొంతు సవరించుకుంటుంటే విన్నాడు.

మరి మౌనంగా ఉంటే చాలా అని మీరడగొచ్చు. చాలదు. 2017 చూడండి. ఆరోగ్య బీమా చట్టం, మీరు ఒబామా కేర్ అంటారే, దాన్ని ఎత్తేస్తామని గెలిచిన రిపబ్లికన్ పార్టీ పట్టుబట్టింది. సెనేట్‌లో బలం 52-48. పన్నులు, ఖర్చుల బిల్లులకు ఉన్న ప్రత్యేక బడ్జెట్ దారిలో తెచ్చారు కాబట్టి 60 ఓట్ల అడ్డం లేదు. సగం చాలు. నా మొదటి పాయింటు అక్కడే నీరుగారిపోయింది చూశారా! 48 మంది ఏం అరిచినా 48 మందే. అప్పుడు అరిచింది ఎవరు? గెలిచిన పార్టీ సెనేటర్ల ఊళ్ళలో జనం. జూన్‌లో వికలాంగులు చక్రాల కుర్చీల్లో వెళ్ళి మెజారిటీ నాయకుడి ఆఫీసు ముందు కూర్చుంటే పోలీసులు ఎత్తి బయటికి మోసుకెళ్ళారు. టీవీలో నేనూ చూశాను. కేకలు పార్టీ వేస్తే ఒక రకం, మందులు కొనలేని మనిషి వేస్తే ఇంకో రకం.

జులై 28, తెల్లవారితే శుక్రవారం, రాత్రి ఒంటిగంట దాటింది. మెదడులో కణితి అని అప్పుడే తేలిన రిపబ్లికన్ సెనేటరు మెకెయిన్ సభ ముందుకొచ్చి బొటనవేలు కిందికి తిప్పాడు. అదే పార్టీ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీ అప్పటికే వద్దన్నారు. 49-51తో బిల్లు పడిపోయింది. డెమొక్రాట్ల వైపు ఎవరో చప్పట్లు మొదలెట్టారు. వాళ్ళ నాయకుడు షూమర్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, ఆపండి అని. ఆ వీడియోలో అందరూ మెకెయిన్ వేలు చూస్తారు. నేను షూమర్ చెయ్యి చూస్తాను. ఆ చెయ్యి నాకు మా స్టాఫ్ మీటింగులో ఉండాల్సింది.

2025కి వస్తే లెక్క మారింది. రిపబ్లికన్ల బలం 53-47. పెద్ద పన్నుల బిల్లుకి జులై 1న ముగ్గురు రిపబ్లికన్లు అడ్డం తిరిగారు. మళ్ళీ ముగ్గురే. ఈసారి 50-50 అయింది, వైస్ ప్రెసిడెంటు ఓటుతో బిల్లు గట్టెక్కింది. ఒక్క ఓటు. 2017లో వద్దన్న మర్కౌస్కీ ఈసారి అలాస్కాకి కొన్ని మినహాయింపులు రాయించుకుని సరేనంది. ఆ వసంతంలోనే డెమొక్రాట్ సెనేటరు కోరీ బుకర్ 25 గంటల 5 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. సెనేట్ చరిత్రలో రికార్డు. అద్భుతం, కాదనను. కాని అది ఏ బిల్లునీ ఆపడానికి చేసింది కాదు. సొంత వాళ్ళకి ధైర్యం వచ్చింది. అవతలి నుంచి ఒక్కరు ఇటు వచ్చారా?

ఇక మన ఇళ్ళల్లో టెన్షన్ సంగతి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. దాని మీద కాంగ్రెస్‌లో ఓటింగే లేదు, ప్రెసిడెంటు ప్రకటన అంతే. ఆ వారం మీ వాట్సాప్ గ్రూపులు మా అల్లుడు చూపించాడు. ఎవరు ఎవరికి ఓటేశారో తవ్వుకుని తిట్టుకుంటున్నారు. ఆ ప్రకటన మీద కోర్టుకెళ్ళిన వాళ్ళలో ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఉంది. వ్యాపారుల సంస్థ. డెమొక్రాట్ల తోక కాదు. ఇదిగో, ఇదే గొంతు సవరించుకోవడం. మీ గ్రూపులో గెలిచిన పార్టీకి ఓటేసి ఇప్పుడు ఇబ్బంది పడుతున్నాయన ఒకడుంటాడు. ఆయన్ని తిట్టి పంపేయకండి, దండం పెడతాను. ఆయన తన ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేసి "మీకు ఓటేసిన వాణ్ణే, మా ఇంట్లో ఇదీ పరిస్థితి" అంటే, ఆ ఫోను మీ వంద పోస్టుల పెట్టు.

మిగిలిన ఐదు పాయింట్లు ఈ కాగితంలో ఉన్నాయి. కావాల్సిన వాళ్ళు ఫోటో తీసుకోండి. బాగానే రాశాను గాని, చదివితే భోజనాల వేళ దాటిపోతుంది.

మూడో వరుసలో నీలం స్వెట్టరు వేసుకున్న అన్నగారూ, మిమ్మల్నే. ఇందాకటి నుంచి చూస్తున్నాను, రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. నా మాటలు మీకు నచ్చలేదనీ తెలుస్తోంది. రండి, మైకు తీసుకోండి. నేను కూర్చుంటాను.