ఆ బొమ్మ పక్కన వద్దు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం కాబట్టి పోర్ట్రెయిట్‌లో లైటింగ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఈ ఒక్క ఫోటో చూడండి.

ఘానా రాజధాని అక్రాలో, స్టేడియం బయట తీశాను. అప్పట్లో నా ఉద్యోగం అక్కడే. 2001 మే 9న ఆ స్టేడియంలో హార్ట్స్ ఆఫ్ ఓక్, అసాంటే కొటోకో అనే ఫుట్‌బాల్ జట్ల మ్యాచ్ చివర్లో గొడవైంది. కొందరు కుర్చీలు విరిచి విసిరారు. పోలీసులు జనం మీదికి బాష్పవాయువు వదిలారు. బయటికి పరుగెత్తినవాళ్లకి గేట్లు తాళాలేసి ఉన్నాయి. నూట ఇరవై మందికి పైగా చనిపోయారండీ, ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు! ఇప్పుడు బయట ఒక కంచు విగ్రహం ఉంది, ఒక అభిమాని ఇంకో అభిమానిని మోసుకెళ్తున్నట్టు.

ఫోటోలో ఉన్న పెద్దాయన ఆ రోజు లోపలే ఉన్నారు. ఆ మాట వినగానే నేనేం చేశాను? విగ్రహం ముందు నిలబెట్టబోయాను. ప్రైజు ఖాయం అనుకున్నాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టి, "ఆ బొమ్మ పక్కన వద్దు బాబూ. రేపొస్తాను, ఆటకి వచ్చినవాడిలా తియ్యి" అన్నారు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఎరుపు, పసుపు, నీలం కండువాతో వచ్చారు. హార్ట్స్ జట్టు రంగులవి. టికెట్ కౌంటర్ గోడ కూడా ఆయనే చూపించారు. లైటింగ్ అడిగారుగా, అది జనవరి. సహారా దుమ్ము మోసుకొచ్చే హర్మటాన్ గాలి వీస్తుంటే ఎండ పలచబడి నీడలు మెత్తబడతాయి. ఫ్లాష్ లేదు, రిఫ్లెక్టర్ లేదు. లైటింగ్ సంగతి అంతే.

ఈ ఫోటో ఒక పోటీకి పంపాను. వాళ్లు కండువా సగానికి కోసేసి, కింద 'ఆఫ్రికా కన్నీరు' అని రాసి తగిలించారు. కన్నీరెక్కడుందండీ? వెనక వరుసలోవాళ్లు కూడా చూడండి, పెదవి చివర నవ్వు కనపడుతోందా లేదా?

పశ్చిమాఫ్రికా దేశం మాలీలోని బమాకోలో సేదు కేతా అనే ఫోటోగ్రాఫర్ 1948లో స్టూడియో పెట్టారు. కోట్లు, వాచీలు, రేడియో అక్కడే ఉంచేవారు, జనం వాటితో దర్జాగా ఫోటో దిగేవారు. మా ఊరి స్టూడియోలోనూ అంతే, దువ్వెన, పౌడరు డబ్బా, ఊరందరికీ ఒకటే కోటు. మా నాన్న పెళ్లి ఫోటోలో ఉన్నది ఆ కోటే, చేతులు వేళ్ల దాకా వచ్చాయి... సరే. ఆ కేతా ఫోటోలు 1991లో న్యూయార్క్‌లో ప్రదర్శించి, తీసిందెవరో తెలియదని రాశారు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు!

నా పెద్దాయనకి ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసి, కండువా మడత సరిగ్గా లేదన్నారు.

బయట హాల్లో మన సభ్యులు తీసిన ఫోటోల్లో అరకు సంతలో ఒక అవ్వ ఉంది. కింద 'ఆకలి' అని రాశారు. ఆవిడ ముందు బుట్టనిండా అల్లం ఉంది, బేరం చేస్తోంది. తీసినవారు ఇక్కడే ఉంటే కోపం తెచ్చుకోకండి. ఆవిడకి ప్రింటు ఇచ్చారా? ఇవ్వకపోతే ఒక కాపీ వేయించండి. సంత శుక్రవారం. పొద్దున్నే కిరండూల్ రైలెక్కుదాం, నేనూ వస్తాను.